శనివారం శాలువా

సారు పోయారన్న కబురు మా పాత షెడ్డు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. సూరత్‌లోనే ఆల్థాన్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ కింద నడుస్తూ నడుస్తూ కూలబడ్డారట. లేపి చూసేసరికి ప్రాణం లేదట. చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి గానీ ఎవరూ అయ్యో అనలేదు. ఒకాయన మాత్రం "ఎప్పుడు ఎత్తుతరు?" అని అడిగాడు.

చాయ్ పొయ్యి మీద పెట్టి నేనా గ్రూపు చూస్తుండగానే మా అక్క ఫోన్ చేసింది.

"చెల్లే, మీ బావ శాలువా ఇస్త్రీ చేస్తున్నడే."

"ఏ శాలువా?"

"ఏ శాలువా ఏంది, ఇంట్ల ఇంకేం శాలువా ఉన్నది? బీరువాల నుంచి తీసిండు. నన్ను ముట్టనిస్తలేడు. నాకు భయమైతుంది, జర నువ్వు రా."

"వేడి తగ్గించి పెట్టుకొమ్మను. అది నైలాను, ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటది," అన్నాను.

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. చావు కబురు విని నవ్వినందుకు నేనేమీ సిగ్గుపడలేదు. ఆ మనిషి ఎలాంటివాడో చెప్తాను. ఏడవాలో నవ్వాలో విన్నాక మీరే తేల్చుకోండి.

పేరెందుకు? మా దగ్గర ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. మొదట మార్పు సారు అన్నారు, తర్వాత గుంత సారు అన్నారు, చివరికి శాలువా సారు అయ్యారు. సూరత్ పక్కన కడోదరాలో మా మిల్లు. పాత షెడ్డులో సాంచెలు నడిపేది దాదాపు అంతా మా కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లే. సాంచె అంటే పాత పవర్‌లూమ్. గేటు పక్కన హాజరు వేసే గది నాది. కిటికీలోంచి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ కనిపిస్తారు. ఆ సాంచెలన్నీ తీసేసి, నీళ్ల ధారతో దారాన్ని విసిరే వాటర్‌జెట్ మెషీన్లు పెట్టాలని సేఠ్ అనుకున్నాడు. వాటికి మనుషులు కొద్దిమంది చాలు. మిగతావాళ్లు లొల్లి చేయకుండా ఇది జరగాలి కదా, అందుకని హజీరాలో ఏదో పెద్ద కంపెనీలో చేసిన తెలుగాయన్ని తెచ్చుకున్నాడు. మనవాళ్లకు మనవాడైతే నయమనుకున్నాడేమో.

సన్నగా, తెల్లగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవారు సారు. సూరత్ ఉక్కపోతలో మేమంతా తడిసి ముద్దవుతుంటే ఆయన చొక్కా మీద చెమట మచ్చ నేనెన్నడూ చూడలేదు. ఊడ్చే మనిషిని కూడా "మీరు" అనేవారు. గొంతు పెంచడం తెలియదు. చాయ్ ఎప్పుడూ సగమే తాగేవారు. ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ల భుజం మీద చెయ్యి వేసేవారు. చెడ్డ మాట ఏదైనా చెప్పాల్సి వస్తే కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అప్పుడు చెప్పేవారు. ఆయన చెయ్యి కళ్లద్దాల మీదికి పోయిందంటే ఎవరిదో అన్నం పోయిందని తర్వాత తర్వాత మాకు తెలిసింది. "పనిలోంచి తీసేశాం" అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. "వారి పాత్ర పూర్తయిందమ్మా" అనేవారు. అబ్బో, ఇక్కడ అందరూ నాటకం ఆడటానికి వచ్చినట్టు!

వచ్చిన కొత్తలో క్యాంటీన్‌లో ఒక తెల్ల బోర్డు పెట్టించి అందరినీ కూర్చోబెట్టారు. బోర్డు మీద ఒక గీత గీశారు. అది తిన్నగా వచ్చి, గుంతలోకి దిగి, అవతల పైకి లేచింది.

"చూడండీ, మార్పు వచ్చినప్పుడు మనిషి మనసు ఇలా దిగుతుంది. మొదట నమ్మడు. తర్వాత కోపం. తర్వాత దిగులు. ఇదిగో, ఇదే అడుగు. ఆ తర్వాత మెల్లగా ఒప్పుకుని పైకి వచ్చేస్తాడు."

"సార్, గుంతల పడ్డోడు పైకి రాకపోతే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

సారు నవ్వలేదు. "అందరూ వస్తారండీ. కొంతమందికి కాస్త టైం పడుతుంది, అంతే," అన్నారు.

ఇక మా బావ సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు. మీసం మొలవకముందే సాంచె ఎక్కినవాడు. షెడ్డులో అతను చెయ్యెత్తితే సాంచెలన్నీ ఆగేవి. ఒకసారి ఒక కార్మికుడి వేళ్లు నలిగితే దవాఖానా ఖర్చు సేఠ్ ఒప్పుకునే దాకా ఎత్తిన చెయ్యి దించలేదు. మనిషి మంచివాడే, పొగిడితే మాత్రం ఐసైపోతాడు. సారుకు ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక్క చాయ్ పట్టింది. భుజం మీద చెయ్యి వేసి, "కొత్త షెడ్డుకి మాస్టరుగా మీలాంటివారే కావాలండీ. సేఠ్‌కి నేను చెప్తాను," అన్నారు. మాస్టరంటే షెడ్డంతటికీ పెద్ద. బావ చొక్కాకు 'మార్పు మిత్ర' అని ఒక బిళ్ల కూడా పెట్టారు. బావ ఆ బిళ్లతోనే కూరగాయలకు కూడా పోయేవాడు. మా అక్క దాన్ని రోజూ తుడిచిపెట్టేది.

పాత సాంచెలు విప్పడం మొదలుపెట్టినప్పుడు షెడ్డులో వాళ్లు పని బంద్ పెడదామన్నారు. బావే అడ్డం పడ్డాడు.

"ఏంది మీ లొల్లి? సారు మాటిచ్చిండు. కొత్త షెడ్డుల నేను మాస్టర్నయితె మిమ్ముల ఇడిచిపెడ్తనా?" అన్నాడు.

అతని మాట మీద అందరూ ఊరుకున్నారు. అతని బతుకూ, అతన్ని నమ్ముకున్న వాళ్ల బతుకూ ఆ ఒక్క మాస్టరు కుర్చీకి వేలాడుతున్నాయి. కొత్త మెషీన్లు దిగేదాకా మిగిలిన పాత సాంచెలు ఒక్క పూట ఆగకుండా నడిచాయి. సేఠ్‌కు కావలసిందీ అదే.

మెషీన్లు దిగిన వారం, శనివారం సాయంత్రం బావకు సన్మానమన్నారు. మావాళ్లకు సన్మానమంటే ఎంత పిచ్చో తెలుసు కదా. సంఘం హాలులో ఎవరికి శాలువా కప్పినా ఆ ఫోటో ఏడాది పాటు ఇంట్లో అందరికీ చూపిస్తారు. బావకు మాస్టరు పదవి ప్రకటిస్తారనుకున్నాం. అక్క పెళ్లినాటి పట్టుచీర కట్టింది. బావ తెల్ల లాల్చీ కుట్టించుకున్నాడు. మేముండే చాలీలో ఇంటింటికీ ఘారీ మిఠాయి పంచాం. ఫోటోలు తీసే మనిషిని కూడా మేమే మాట్లాడుకున్నాం. చూడండి మా తెలివి.

క్యాంటీన్ నడుమ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సారు స్వయంగా ఎర్ర శాలువా కప్పారు, జరీ అంచుది. మైకు తీసుకుని, "వీరి సేవలు మరువలేనివి. వీరిని చూసి మిగిలినవారు నేర్చుకోవాలి," అన్నారు. చప్పట్లు. బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మైకు లాక్కున్నాడు.

"సార్, నా పని మీరింక యాడ చూసిండ్రు? కొత్త మెషీన్ల మీద చూపిస్త!"

మళ్లీ చప్పట్లు. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు.

సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే బావ పేరు లేదు. మళ్లీ మళ్లీ వెతికాను. తలెత్తి చూస్తే బావ అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. టిఫిన్ డబ్బా చేతిలో ఉంది, బిళ్ల చొక్కా మీద ఉంది. వాచ్‌మన్ ముఖం పక్కకు తిప్పుకుని చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాకా, అందర్ నహీ జానా హై."

బావ నవ్వాడు. వాచ్‌మన్ పొరబడ్డాడనుకున్నాడు. ఫోన్ తీసి ఫోటో చూపించాడు. "అరే భాయ్, దేఖో. పర్సోం హీ సన్మాన్ హువా మేరా."

"వహీ తో, కాకా," అన్నాడు వాచ్‌మన్.

బావ నా కిటికీ వైపు చూశాడు. "ఏందే గిది?" అన్నాడు. అతను అరుస్తాడనుకున్నాను. చెయ్యెత్తుతాడనుకున్నాను. లోపల ఇంకా నడుస్తున్న నాలుగు సాంచెలైనా ఆగుతాయనుకున్నాను. బావ ఫోన్ జేబులో పెట్టుకుని, డబ్బా చేతిలో ఊపుకుంటూ వచ్చిన దారినే పోయాడు.

నేను తిన్నగా సారు గదిలోకి పోయాను. నాకసలే నోరు ఆగదు. "మాస్టర్ని చేస్తానని మాటిచ్చి మెడ పట్టి గెంటుతారా సార్? మనిషేనా మీరు?" అన్నాను. సారు లేచి నాకు కుర్చీ వేశారు. గ్లాసుతో నీళ్లిచ్చారు.

"అమ్మా, మీరిప్పుడు కోపం దశలో ఉన్నారు. ఉండాలి కూడా. ఏమీ తప్పు లేదు," అన్నారు.

ఆ గ్లాసుతోనే నెత్తి పగలగొట్టాలనిపించింది. కానీ ఆ పొద్దుటి నుంచి రెండిళ్లకూ మిగిలింది నా ఉద్యోగం ఒక్కటే. నీళ్లు తాగి బయటికి వచ్చాను.

"గేటు ముందట ఎందుకు మొత్తుకోకపోతివి?" అని బావను తర్వాత నిలదీశాను. అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు. "మొన్ననే గంతమంది ముందట కప్పించుకుంటిని. ఇయ్యాల గేటుకాడ లొల్లి పెడితె నలుగురు నవ్వరా?"

ఆ తర్వాత మా మిల్లులో శనివారాలు వచ్చాయంటే సన్మానాలే. శాలువాలు తెచ్చే పని నాకు పడింది. రింగ్ రోడ్ మార్కెట్‌లో ఒక దుకాణం వాడికి నేను బాగా అలవాటైపోయాను. "క్యా బెన్, ఆప్ కే యహాఁ రోజ్ శాదీ హై క్యా?" అని నవ్వేవాడు. శుక్రవారం నా సంచీ లావుగా కనిపిస్తే షెడ్డులో ఎవరికీ ముద్ద దిగేది కాదు. నన్ను చూసి దారి తప్పుకుని పోయేవాళ్లు. ఒకాయన వచ్చి, "బిడ్డా, ఎర్రది నాకొద్దు, నాకు పడది," అని బతిమాలాడు. ఏ రంగు తెస్తే ఏం లాభం? ఆకుపచ్చది తెచ్చాను.

ఒక శుక్రవారం రంగులు తానే చూస్తానని సారు కూడా నాతో వచ్చారు. అంచులు ముట్టుకుని చూస్తూ, బోర్డు ముందు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు.

"పాతచోట నోటీసులు ఇచ్చేవాళ్లమమ్మా. గొడవలు, పోలీసులు. ఇక్కడ అవేవీ లేవు చూశారా? మన తెలుగువాళ్లకి నలుగురిలో శాలువా కప్పితే చాలు. మర్నాడు అరవలేరు. పరువు కదా. అందులోనూ ముందు పెద్దమనిషికి కప్పాలి. వెనకవాళ్లు వరసలో వచ్చేస్తారు."

మా బావను మొదట ఎందుకు కూర్చోబెట్టారో అప్పుడు తెలిసింది. శాలువాలు సంచీలో కుక్కాను.

దుకాణంలోంచి బయటికి వచ్చి మార్కెట్ మెట్లు దిగుతుంటే, బట్టల పార్సిల్ వీపున వేసుకుని ఒక మనిషి వంగి వంగి ఎక్కుతున్నాడు. మెడ నరాలు తేలి ఉన్నాయి. చెమట ముక్కు మీంచి మెట్టు మీద పడుతోంది. దగ్గరికి వచ్చాక గానీ బావని నేను గుర్తుపట్టలేదు. మార్కెట్‌లో పని దొరికిందన్నాడు గానీ మోత పని అని అక్కకు కూడా చెప్పలేదు.

సారు ముఖం వెలిగిపోయింది. "చూశారామ్మా, మీ బావగారు! ఎంత చక్కగా సర్దుకున్నారో! గుంతలోంచి పైకి వచ్చేశారు," అన్నారు నాతో.

బావ పార్సిల్ దించాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని నమస్తే పెట్టాడు. "బాగున్నరా సార్?"

"మీరెలా ఉన్నారండీ?"

"మీ దయ సార్."

సారు ఆ మాటకు నిజంగానే సంతోషపడ్డారు. భుజం మీద చెయ్యి వేయబోయి, చెమట చూసి వెనక్కి తీసుకున్నారు. బావ నా సంచీ వైపు చూసి, "ఈ వారం ఎవలకు?" అన్నాడు. నేను సంచీ వెనక్కి జరుపుకున్నాను. పార్సిల్ మళ్లీ వీపుకెత్తుకోవడానికి నేను చెయ్యి పడితే, "నువ్వు పో, చీర ఖరాబైతది," అన్నాడు.

అలా పాత షెడ్డు ఖాళీ అయిపోయింది. సాంచెలను తుక్కు కింద తూచి లారీలకు ఎత్తారు. తెల్ల బోర్డు మాత్రం క్యాంటీన్‌లోనే ఉంది, దాని మీద గుంత చెరగలేదు. కొత్త షెడ్డు చడీ చప్పుడూ లేకుండా నడుస్తోంది, సేఠ్ ఖుషీగా ఉన్నాడు. అప్పుడు సేఠ్ కొడుకు ఒకరోజు నా గదికి వచ్చి, శనివారానికి ఒక్క శాలువా, మంచిది, తెప్పించమన్నాడు. అది ఎవరికో నాకు చెప్పి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు.

సారుకు అందులో శాలువా తెస్తున్నామన్న ఒక్క ముక్కే తెలిసింది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు కాబోలనుకుని, "ఈసారి కూడా నేనే వస్తానమ్మా, మంచిది ఏరుదాం," అన్నారు. రండి సార్ అన్నాను.

దుకాణం వాడు అసలు పశ్మీనా అని ఒట్టేసి గోధుమ రంగుది ఒకటి తీశాడు. సారు దాన్ని తన భుజాల మీద కప్పుకుని అద్దంలో చూసుకున్నారు. అటు తిరిగి ఇటు తిరిగి అంచు సవరించుకున్నారు.

"బాగుందా అమ్మా?"

"మీకోసమే నేసినట్టుంది సార్," అన్నాను.

చెప్పొచ్చు కదా అంటారేమో. ఎందుకు చెప్తాను? నా కళ్ల ముందు మార్కెట్ మెట్లు ఉన్నాయి. దారి పొడుగునా ఆ సంచీ ఆయనే మోశారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

శనివారం ఏసీ గదిలో సేఠ్ కొడుకు ఆ శాలువా తీసి సారుకే కప్పాడు. "ఆప్ కీ సేవా హమ్ కభీ నహీ భూలేంగే," అన్నాడు. సారు మాటే, హిందీలో. చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. సారు కళ్లద్దాలు తీశారు. జేబురుమాలు దొరక్క శాలువా కొసతోనే తుడుచుకున్నారు. ఎంత తుడిచినా మళ్లీ పెట్టుకోవడం లేదు.

అంతా తెలిసిన మనిషి, అయినా సోమవారం వచ్చారు! అదే ఇస్త్రీ చొక్కా, అదే టైము. అదే వాచ్‌మన్ ముఖం పక్కకు తిప్పి చెయ్యి అడ్డం పెట్టాడు. ఈసారి నేను కిటికీ దగ్గర కూర్చోలేదు. లేచి గేటు దగ్గరికి పోయాను.

"సార్, ఇప్పుడు గుంతలో ఎక్కడున్నారు?" అన్నాను.

నేను ఎగతాళి చేస్తున్నానని కూడా ఆయనకు తట్టలేదు. నిజంగానే ఆలోచించారు. "మొదటి దశే అమ్మా. నమ్మలేకపోవడం," అన్నారు. అంతలోనే, "శనివారం డబ్బా లోపలే మర్చిపోయాను. కాస్త తెప్పిస్తారా?" అన్నారు.

తెచ్చి ఇచ్చాను. మూత తియ్యకముందే వాసన కొడుతోంది. ఆయనా అరవలేదు. డబ్బా పట్టుకుని హైవే వైపు నడిచిపోయారు. బతికుండగా నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఇక చావు కబురు వచ్చిన ఆ పొద్దున, అక్క రమ్మందని వాళ్లింటికి పోయేసరికి బావ తెల్ల లాల్చీ వేసుకుని తయారుగా ఉన్నాడు. శాలువా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకున్నాడు. "వద్దు బావా, చచ్చినోని మీద ఏం పగ?" అన్నాను, మాటవరసకు. "పగేందే? సన్మానం," అన్నాడు. ముగ్గురం ఆటోలో ఆల్థాన్ పోయాం.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడుకోబెట్టారు సారును. మిల్లు నుంచి సేఠ్ రాలేదు, సేఠ్ కొడుకూ రాలేదు. పాత షెడ్డు వాళ్లు మాత్రం వచ్చారు. మోత పనివాళ్లు, చాయ్ బండి వాళ్లు, పనిలేని వాళ్లు, ప్రతివాడి చంకలో ఒక కవరు ఉంది. ఒకాయన శాలువా మనవరాలికి ఉయ్యాల కట్టి కట్టి రంగు వెలిసిపోయింది, అయినా ఉతికి తెచ్చాడు.

గోధుమ రంగు శాలువా అప్పటికే సారు మీద ఉంది. బావ ముందుకు పోయి తన ఎర్ర శాలువా దాని మీద కప్పాడు. నిటారుగా నిలబడి, అందరికీ వినపడేలా, "సారు సేవలు మరువలేనివి," అన్నాడు. తర్వాతివాడు కప్పాడు, అదే మాట అన్నాడు. ఆ తర్వాతివాడూ అంతే. ఎవరూ తొందరపడలేదు. వరసలో వచ్చారు. చివరికి సారు ముఖం తప్ప ఏమీ కనిపించలేదు.

సారు భార్య నా చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. "ఇంట్లో ఎప్పుడూ చెప్పేవారమ్మా, మా వాళ్లకి నేనంటే ప్రాణమని. నేను నమ్మేదాన్ని కాదు. చూడండి, ఎంతమంది వచ్చారో!"

"అవునండీ," అన్నాను.

శవాన్ని తీసుకుపోయే బండివాడు వచ్చి ఆ గుట్ట చూసి తల పట్టుకున్నాడు. ఒక అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "అరే, యే సబ్ నైలాన్ హై. భట్టీ మేం చిపక్ జాతా హై. నికాలో," అన్నాడు. కాల్చే పొయ్యికి అంటుకుపోతాయట, ఒక్కొక్కటీ తీశారు. అడుగున గోధుమ రంగుది మిగిలితే, అది పశ్మీనా అని ఆవిడ చెప్పబోయింది. బండివాడు దాన్ని కూడా నలిపాడు. "యే భీ," అన్నాడు. దాన్నీ లాగేశారు. కింద తెల్ల గుడ్డ ఒక్కటి మిగిలింది. అలాగే ఎక్కించారు.

బండి పోయింది. జనం కదిలారు. శాలువాలు పార్కింగ్ మూలన కుప్పగా పడి ఉన్నాయి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాటిని కాలితో గోడ వైపు నెడుతున్నాడు. బావ వంగి ఆ కుప్పలోంచి తన ఎర్రది వెతికి తీసుకున్నాడు. దుమ్ము దులిపాడు. అంచుకు అంచు కలిపి మడతపెట్టి మళ్లీ కవర్‌లో పెట్టుకున్నాడు.

ఆటోలో నేను ఉండబట్టలేకపోయాను. "ఇంక గదెందుకు బావా? ఆడనే పడేస్తె అయిపోవు గద."

బావ కవరును ఒళ్లో సరిగ్గా పెట్టుకున్నాడు.

"పడేస్తె ఎట్లనే?" అన్నాడు. "సేఠ్ ఇంకా ఉన్నడు గద."